నా వంతులో లేని జవాబు

ఆ రోజు భోజనాల వేళకు ముందే సభలో అయిపోవలసిన పనులు ఇవి:

ఈమధ్య చనిపోయిన మాజీ సభ్యుడికి సంతాపం, రెండు నిమిషాల మౌనం.

పరుగు పందెంలో పతకం తెచ్చిన అమ్మాయికి అభినందనలు.

క్యాంటీన్ కుర్చీల మీద ఉపసంఘం నివేదిక.

దూరదేశంలో ఊళ్ళకు ఊళ్ళు ఆక్రమించుకున్న ఉగ్రవాద ముఠాలను అణచడానికి మన సైన్యాన్ని పంపాలా వద్దా అన్న చర్చ, ఆపైన ఓటింగు.

సభ్యులందరితో మెట్ల మీద గ్రూపు ఫోటో.

ఈ వరస నేను పెట్టింది కాదు, అచ్చులో ఉన్నదే. కుర్చీల తర్వాత యుద్ధం, యుద్ధం తర్వాత ఫోటో. ఫోటోగ్రాఫరు మధ్యాహ్నం ఇంకోచోట పెళ్ళి ఒప్పుకున్నాడు. పెళ్ళివాళ్ళు ఊరుకోరు కదా. కాబట్టి యుద్ధమే కాస్త సర్దుకోవాలని అందరికీ తోచింది.

నాకూ ఆ రోజు పనులున్నాయి. అవి అక్క చెప్పినవి. నాన్నకు కంటి చుక్కల మందు తేవాలి. పాప బూట్లకు లేసులు కొనాలి, తెల్లవి, పోయినసారి తెచ్చినట్టు గోధుమరంగువి కాదు. పాప స్కూల్లో సంరక్షకుడు అన్నచోట సంతకం పెట్టి రావాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి చెప్పింది.

"పంపుతారో లేదో సాయంత్రం వార్తల్లో చెబుతారు. ఎన్నాళ్ళకి పంపుతారో చెప్పరు. అది నువ్వు విని రా."

అక్క సైనిక ఆసుపత్రిలో నర్సు. సభ సరేనంటే మొదట బయల్దేరే దళంలో ఆమె ఉంది. పాప ఆమె కూతురు. బావ సంగతి అడక్కండి, మేమూ అడగటం మానేశాం.

నేను సభలో పనిచేస్తాను. నాన్న తాపీమేస్త్రీ. "మావాడు రోజూ మంత్రుల మధ్యే కూర్చుంటాడు" అని ఇసుక లారీ డ్రైవరుకు కూడా చెబుతాడు. అది అబద్ధం కాదు. సభ నడిమధ్యలో, అధ్యక్షుడి కుర్చీ కింద, చిన్న బల్ల ఒకటి ఉంటుంది. సభలో ఎవరేమన్నా పొల్లుపోకుండా షార్ట్‌హ్యాండులో రాసే రిపోర్టర్లు అక్కడ కూర్చుంటారు. వాళ్ళలో నేనొకణ్ణి. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. చదివించింది అక్క. షార్ట్‌హ్యాండు పరీక్షకు పేపరు పట్టుకుని గడగడా చదివి నాచేత రాయించింది కూడా అక్కే. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని చదివేది. ఎక్కడైనా నాకు అందకపోతే నేను ఊహించి రాసేవాణ్ణి. అది పట్టుకుని నెత్తిమీద మొట్టేది. "వినపడింది రాయరా. వినపడితే బాగుండుననుకున్నది రాయకు" అనేది. ఆ మొట్టికాయల పుణ్యమే నా ఉద్యోగం.

మా పని తీరు కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ రోజు జరిగింది మీరు నమ్మరు. మాకు ఒక్కొక్కరికి పదేసి నిమిషాల వంతు. వంతు అయ్యేసరికి తర్వాతివాళ్ళు వచ్చి భుజం తడతారు. మంత్రి వాక్యం మధ్యలో ఉన్నా సరే, లేచి పక్కగదికి పోయి మన ముక్క టైపు చేసుకోవాలి. మళ్ళీ వంతు వచ్చేదాకా లోపల ఏం జరుగుతోందో మనకు తెలియదు. సాయంత్రం అందరి ముక్కలూ అతికిస్తే అదే సభ. అంటే ఏ చర్చనైనా మొదటినుంచి చివరిదాకా విన్న రిపోర్టరు ఒక్కడూ ఉండడు. సభ్యులైనా వింటారు కదా అంటారేమో. మీరు సభ ఎప్పుడూ చూడలేదన్నమాట.

చర్చకు ముందురోజు సాయంత్రం మా ఇంట్లోనూ చర్చ జరిగింది. దానికి రిపోర్టరు లేడు కాబట్టి నాకు గుర్తున్నంత రాస్తున్నాను.

"అమ్మా, నువ్వెళ్ళి ఎవర్ని కొడతావు?" అని పాప మొదలుపెట్టింది. అక్క దాని జుట్టు చిక్కు తీస్తోంది.

"నేను కొట్టనే. కొట్టుకున్నవాళ్ళకి కట్లు కడతా."

"మనవాళ్ళకా, వాళ్ళకా?"

"ఎవరు ముందొస్తే వాళ్ళకి. కదలకు."

నాన్న మంచం మీదనుంచి అందుకున్నాడు. "మన వీధి కుళాయి దగ్గర కొట్లాట ఆపడానికి దిక్కులేదు గానీ, ఎక్కడో ఎవరో కొట్టుకుంటే వీళ్ళకెందుకంట?"

"నాన్నా, వాళ్ళు బడిమీద పడ్డారు. పేపర్లో వచ్చింది, చదివి వినిపించాగా. పాప ఈడు పిల్లలు. కట్టు కట్టేవాళ్ళు లేక కొందరు పోయారు."

"అయితే వెళ్ళాలంటావా?"

"నాకు వెళ్ళాలనే ఉంది."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. "మరి నీకొచ్చిన ఇబ్బందేంటక్కా?"

"ఎప్పుడొస్తానో తెలియాలి కదరా. నీకు జడ వెయ్యడం నేర్పాలి. నెల రోజులకైతే ఒక జడ చాలు, ఎలాగోలా లాగించెయ్యొచ్చు. ఏడాదైతే రెండు జడలు. స్కూల్లో పై తరగతికి రెండు జడలుండాలంటారు. అవి నీ చేతికి రావాలంటే ఇప్పటినుంచే మొదలెట్టాలి."

"మామయ్య వేస్తే నేను స్కూలుకెళ్ళను" అంది పాప.

"నిన్నెవరడిగారే? సభలో ఓటు నీకు లేదు" అన్నాడు నాన్న.

మర్నాడు సంతాపం త్వరగానే ముగిసింది. రెండు నిమిషాల మౌనం ఒక నిమిషంలో పూర్తయింది. మా సభ పనితీరులో వేగం అక్కడే కనిపిస్తుంది. పతకం తెచ్చిన అమ్మాయిని చప్పట్లతో పంపించారు. కుర్చీల దగ్గర మాత్రం ఆలస్యమైంది. చేతులున్న కుర్చీలు కావాలని కొందరు, చేతులుంటే బల్ల కిందికి పోవని కొందరు. లోతైన విషయం కాబట్టి ఎవరూ తొందరపడలేదు. కుర్చీలు తేలేసరికి గడియారం పన్నెండు దాటింది. ఆ మిగిలిన కాస్త సమయంలో యుద్ధం మొదలైంది.

నా మొదటి వంతులో పాలకపక్షం నుంచి పిడికిలి మాట్లాడాడు. బల్ల గుద్దకుండా ఆయనకు మాట రాదు, అందుకని మా గదిలో ఆ పేరు. "పక్కింటికి నిప్పంటుకుంటే చూస్తూ ఊరుకుంటామా అధ్యక్షా? బిందె పట్టుకుని పరిగెత్తమా?" అని గుద్దాడు. నా పెన్సిలు ఎగిరిపడింది.

ఎదుటిపక్షం నుంచి దగ్గుమందు లేచాడు. మాట్లాడే ముందు మూడుసార్లు దగ్గుతాడు. "అది పక్కిల్లు కాదధ్యక్షా, మధ్యలో సముద్రాలున్నాయి. అయినా మీ బిందెలో ఉన్నది నీళ్ళా, కిరసనాయిలా?"

నవ్వులు. బల్లలు చరచడం. బిందె అన్న మాటను రికార్డుల నుంచి తొలగించాలని ఒకరు, బిందె అమర్యాదకరం కాదని ఇంకొకరు. నేను లేచేదాకా బిందె నిండనూ లేదు, ఒలకనూ లేదు.

మళ్ళీ నా వంతు వచ్చేసరికి చర్చ కొంత ముందుకు సాగింది. "ఇవాళ వాళ్ళని అక్కడ ఆపకపోతే రేపు మన గుమ్మంలో ఉంటారు" అంటున్నాడు పిడికిలి.

"మనం అక్కడికెళ్ళి కెలికితేనే వాళ్ళకి మన గుమ్మం ఎక్కడుందో తెలుస్తుంది" అన్నాడు దగ్గుమందు. "అసలు ఆ ముఠాల చేతిలో తుపాకులు ఎక్కడివి? వీళ్ళకంటే ముందున్న ముఠాని అణచమని బయటిదేశాలు వీళ్ళకిచ్చినవే కదా?"

"అందుకేగా వెళ్ళాలంటున్నాం! ఇచ్చినవి వెనక్కి తీసుకోవడానికి!"

"అంటే ఇంకో ముఠా చేతిలో పెట్టడానికా?"

ఇద్దరూ చెప్పింది నాకు నిజమే అనిపించింది. ఒకరి మాట వింటుంటే వెళ్ళకపోతే మనం మనుషులం కాదనిపించేది. రెండోవారి మాట వింటుంటే వెళ్ళినవాళ్ళెవరూ ఏదీ బాగుచెయ్యలేదనిపించేది. బడిలోని పిల్లలు ఇద్దరి మాటల్లోనూ ఉన్నారు. ఇద్దరూ వాళ్ళ పేరు చెప్పి నీళ్ళు తాగి కూర్చున్నారు. అభిప్రాయం లేకపోవడం నా ఉద్యోగానికి అడ్డు కాదు, పైగా అర్హత. కానీ ఆ రోజు మాత్రం చెవి ఒకే ఒక్క మాట కోసం వెతుకుతోంది. ఎన్నాళ్ళు? ఆ మాట ఎవరి నోటా రావడం లేదు.

నా మూడో వంతు చివర్లో ఊలు మేడం లేచింది. ఆవిడ ఏ పక్షమూ కాదు, ఒంటరి సభ్యురాలు, వెనకవరస. సభలో కూర్చుని ఊలు అల్లుతుంది. నిబంధనల పుస్తకంలో పొగ తాగకూడదని, పేపరు చదవకూడదని ఉంది గానీ ఊలు సంగతి రాయడం పెద్దలు మరిచిపోయారు. ఆవిడ లేస్తే నవ్వడం అలవాటు. లేచేటప్పుడు ఒళ్ళోంచి ఉండ దొర్లి మంత్రుల వరస దాకా పోతుంది.

"నాదొక్కటే ప్రశ్న" అంది. "వెళ్ళినవాళ్ళు ఎప్పుడు తిరిగొస్తారు? తేదీ అడగను. నెల చెప్పండి చాలు. నెల కూడా కష్టమైతే, ఏం జరిగితే వాళ్ళ పని అయిపోయినట్టో అది చెప్పండి. ఇంటిదగ్గరున్నవాళ్ళు ఎదురుచూడటానికి ఏదో ఒకటి ఉండాలిగా."

అది అక్క అడిగిన ప్రశ్నే. అయినా గీతలు సరిగానే పడ్డాయి.

రక్షణమంత్రి లేచాడు. ఫోటో కోసం కొత్త కోటు తొడుక్కొచ్చాడు. దాని గుండీ పెట్టుకున్నాడు. మైకు దగ్గరికి వంగాడు.

"గౌరవ సభ్యురాలు చాలా మంచి ప్రశ్న అడిగారు" అన్నాడు.

నా భుజం మీద చెయ్యి పడింది. నా వెనక వంతు ఆవిడ. మేం ఆవిణ్ణి వెనకామె అనే పిలుస్తాం. నేను కదల్లేదు. ఇంకోసారి తట్టింది. "లేవయ్యా, పెన్సిలు పట్టుకుని నిలబడే రాయనా?" అని గొణిగింది. ఆ బల్ల దగ్గర ఉండేది ఒకటే కుర్చీ. లేచాను. వెనక్కి నడుస్తుంటే నాకు వినిపించినవల్లా నా చెప్పుల చప్పుడు, తర్వాత తలుపు మూసుకోవడం.

టైపు గదిలో నా ముక్క కొట్టేసి కూర్చున్నాను. వెనకామె రాగానే అడిగాను. "ఏం చెప్పాడు?"

"ఎవరు?"

"మంత్రి. మంచి ప్రశ్న అన్నాడుగా. తర్వాత?"

"నేను కూర్చుని పెన్సిలు సర్దుకునేసరికి ఫోటోలో పొట్టివాళ్ళు ఏ మెట్టుమీద నిలబడాలని ఎవరో లేచారు. జవాబు నీ వంతులోనే అయిపోయిందనుకున్నా."

"నా వంతులో గుండీ పెట్టుకున్నాడంతే."

"అయితే తర్వాత చెప్పుంటాడు. నా తర్వాత గుండుసారు కూర్చున్నాడు, ఆయన్నడుగు."

గుండుసారు వచ్చాడు. "నా వంతులో ఓటింగే. పంపడానికే ఎక్కువమంది చేతులెత్తారు. జవాబా? అది మీ ఇద్దరిలో ఎవరిదగ్గరో ఉంటుంది, చూసుకోండి."

ముగ్గురం ఒకరి కాగితాల్లోకి ఒకరం తొంగిచూశాం. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మేం పంచుకోవడానికి ఆ పిడికెడు కూడా దొరకలేదు. పత్రికలవాళ్ళని అడుగుదామంటే, వాళ్ళు ఫోటోకు మంచి చోటు చూసుకోవడానికి అప్పటికే మెట్ల దగ్గరికి వెళ్ళిపోయారు. కిటికీలోంచి మెట్లు కనిపిస్తున్నాయి. పిడికిలీ దగ్గుమందూ భుజాలమీద చేతులేసుకుని నిలబడ్డారు. ఇద్దరి మధ్యా బిందె లేదు, కిరసనాయిలూ లేదు. "కొంచెం నవ్వండి సార్" అని ఫోటోగ్రాఫరు అరిచాడు. అడక్కముందే నవ్వుతున్నారు.

మా గదికి పెద్ద అయిన పెద్దసారు ముక్కలు అతికిస్తూ నా కాగితం దగ్గర ఆగాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మంత్రి జవాబేదయ్యా?"

ముగ్గురం ఎవరి కాగితాలు వాళ్ళం ముందుకు జరిపాం.

"పోగొట్టారా? యుద్ధం మీద మంత్రి ఇచ్చిన జవాబు పోగొట్టారా? నా ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఒక తుమ్ము కూడా పోలేదు ఈ గదిలో!"

"సార్, టేపు వింటే సరి" అన్నాను.

సభలో మాటలు టేపు కూడా అవుతాయి. అనుమానం వస్తే వినడానికి. పెట్టించాడు. అందరం చుట్టూ మూగాం. ఊలు మేడం ప్రశ్న. కుర్చీ కిర్రుమనడం. చాలా మంచి ప్రశ్న. మంత్రి గొంతు సవరించుకోవడం. అప్పుడు ఇంకెవరో, "అధ్యక్షా, పొట్టివాళ్ళని ముందుమెట్టు మీద నిలబెట్టకపోతే మా నియోజకవర్గాలకి మేం కనపడం!" నవ్వులు. పెద్ద నవ్వులు. అందులో మంత్రి నవ్వు కూడా ఉంది, నాకు ఆ నవ్వు బాగా తెలుసు. కుర్చీ మళ్ళీ కిర్రుమంది. తర్వాత అధ్యక్షుడి గొంతు. "మంత్రిగారు జవాబు ఇచ్చారు కనుక తీర్మానాన్ని ఓటుకు పెడుతున్నాను."

టేపు ఆగింది. పెద్దసారు మొహంలో ప్రాణం వచ్చింది. "హమ్మయ్య. మనం పోగొట్టలేదు" అన్నాడు.

"మరి జవాబు, సార్?"

"లేదు కదయ్యా. లేనిదాన్ని పోగొట్టలేం." టేపు వైపు మళ్ళీ చూశాడు. "కానీ ఇచ్చారని అధ్యక్షుడు అన్నాడే. ఇచ్చారన్నమాట రికార్డులో ఉండి, ఇచ్చింది లేకపోతే తప్పు మన గది మీదికే వస్తుంది. నువ్వెళ్ళు. మంత్రిగారి గదికి వెళ్ళి మర్యాదగా కనుక్కో. ప్రశ్న నీ వంతులోదేగా."

సాయంత్రం మంత్రి గదికి వెళ్ళాను. కార్యదర్శి బయట బల్ల దగ్గర ఉన్నాడు. చేతిలో రెండు ఫోన్లు, చెవి దగ్గర మూడోది. సంగతి చెప్పగానే ఉలిక్కిపడ్డాడు.

"మంత్రిగారి మాటలు మీ దగ్గర పోయాయా?"

"పోలేదండీ. లేవు."

"లేకపోవడమేంటి? మా సారు జవాబు చెప్పకుండా కూర్చుంటారా? మీ టేపు పాడై ఉంటుంది. సరే, రాసుకో. తగిన సమయంలో, తగిన పరిస్థితుల్లో, తగిన విధంగా తిరిగొస్తారు."

"నెల చెప్పమని అడిగారండీ ఆవిడ."

"తగిన నెలలో అని రాయి."

"అంటే ఏ నెలండీ?"

కార్యదర్శి నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఇన్నాళ్ళూ బల్లలాగా, మైకులాగా కనిపించినవాణ్ణి ఇప్పుడు మనిషిలా కనిపించినట్టున్నాను. లేచి లోపలికి తీసుకెళ్ళాడు.

మంత్రి సోఫాలో కూర్చుని గ్రూపు ఫోటో చూసుకుంటున్నాడు. కోటు ఇంకా విప్పలేదు. "ఇందులో నా కళ్ళు మూసుకున్నాయయ్యా" అన్నాడు కార్యదర్శితో. "ఎల్లుండి అందర్నీ మళ్ళీ మెట్ల మీదికి పిలిపించండి. ఇంకోటి తీయిద్దాం."

కార్యదర్శి చెవిలో చెప్పాడు. మంత్రి నావైపు తిరిగాడు. మంచి మనిషి, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. కూర్చోమన్నాడు, నీళ్ళిప్పించాడు.

"నేను జవాబు చెప్పే ఉంటాను బాబూ. చెప్పినట్టు గుర్తుంది. ఏం చెప్పానో గుర్తులేదు. నువ్వు అక్కడే ఉన్నావుగా, నువ్వే చెప్పు. నేనేం చెప్పుంటాను?"

కార్యదర్శి పెన్ను తీశాడు. నేనేమంటే అది రాసి, మంత్రి సంతకం పెట్టి, మా గదికి పంపిస్తారు. సభ్యుడు తన మాటలు తాను సరిదిద్దుకోవచ్చని నిబంధన ఉంది. అచ్చయితే అది ప్రభుత్వం సభకిచ్చిన మాట. ఎవరైనా వేలు పెట్టి చూపించి, ఇదిగో నెల అన్నారు, వెనక్కి పిలవండి అని అడగొచ్చు. దేశంలో అంత అధికారం ఆ క్షణంలో నా నాలుక చివర ఉంది. తాపీమేస్త్రీ కొడుకుని. నెల అంటే ఒక్క జడ. నోటిదాకా వచ్చింది.

నెత్తిమీద మొట్టికాయ పడ్డట్టయింది. వినపడింది రాయరా.

"మీరేం చెప్పలేదు సార్" అన్నాను.

మంత్రి ఫోటో పక్కన పెట్టాడు. "ఏమీ చెప్పలేదా?"

"చాలా మంచి ప్రశ్న అన్నారు. ఆ తర్వాత నవ్వారు."

"అయితే జవాబు లేనప్పుడు ప్రశ్నెందుకయ్యా రికార్డులో? చూసేవాళ్ళకి బాగోదు. తీసెయ్యండి."

"నేను తీయకూడదండీ. అడిగినవాళ్ళే వెనక్కి తీసుకోవాలి."

కార్యదర్శి వెంటనే ఊలు మేడంకు ఫోను చేశాడు. మంత్రి వినాలని స్పీకరు ఆన్ చేశాడు. విషయం చాలా అందంగా చెప్పాడు. సభ గౌరవం, రికార్డు శుభ్రత, పెద్దమనసు, అన్నీ వచ్చాయి.

"తీసుకుంటానయ్యా, దానికేం భాగ్యం" అంది ఊలు మేడం. "ముందు జవాబివ్వమను. మరుక్షణం ప్రశ్న వెనక్కి తీసుకుంటా. అతను లేచాడు, గుండీ పెట్టుకున్నాడు, కూర్చున్నాడు. అల్లుతున్నది చేతులు, కళ్ళు కాదు." ఫోను పెట్టేసింది.

చివరికి ఒక మధ్యేమార్గం దొరికింది. మంచి ప్రశ్న తర్వాత బ్రాకెట్లో అంతరాయం అని వేస్తే సరిపోతుందని కార్యదర్శి అన్నాడు. వినిపించింది నవ్వులని నేనన్నాను. "నవ్వులు కూడా ఒకరకమైన అంతరాయమే కదా" అన్నాడాయన. నేను పెద్దసారును అడగాలన్నాను.

ఇక లేవాలి. లేచాను. తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాను. అలా ఆగకూడదు. మా ఉద్యోగంలో మాకు గొంతు ఉండకూడదు.

"సార్, రికార్డు కోసం కాదు. నాకోసం అడుగుతున్నాను. మా అక్క నర్సు. మొదటి దళంలో వెళ్తోంది. చిన్నపాప ఉంది. వెళ్ళడానికి ఆవిడ భయపడటం లేదు. ఎప్పుడొస్తుందో ఇంట్లో చెప్పాలి, అంతే."

మంత్రి లేచాడు. నా దగ్గరికి వచ్చాడు. కోటు గుండీ పెట్టుకున్నాడు. భుజం మీద చెయ్యివేశాడు. కళ్ళలో నిజంగానే తడి కనిపించింది.

"చాలా మంచి ప్రశ్న అడిగావు బాబూ" అన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి వార్తలు అయిపోయాయి. అక్క ట్రంకుపెట్టె మంచం మీద తెరిచి పెట్టింది. నాన్న అటుతిరిగి పడుకున్నాడు. నిద్రపోవడం లేదని వీపు చూస్తేనే తెలుస్తోంది. చుక్కల మందు ఇచ్చాను. లేసులు ఇచ్చాను, తెల్లవి. స్కూల్లో పొద్దున్నే సంతకం పెట్టానని చెప్పాను.

"ఎన్నాళ్ళురా?"

"మంత్రి జవాబిచ్చాడని అధ్యక్షుడు చెప్పాడు."

"ఏమనిచ్చాడు?"

"అది లేదక్కా. ఎవరి వంతులోనూ లేదు."

మొత్తం చెప్పాను. పొట్టివాళ్ళ మెట్టు దగ్గర నవ్వింది. తగిన నెల దగ్గర బాగా నవ్వింది, నాన్న కూడా ఇటుతిరిగాడు. మంత్రి నేనేం రాసుకోమంటే అది రాసుకునేట్టున్నాడని చెప్పినప్పుడు మాత్రం నవ్వు ఆపి నావైపు చూసింది.

"నువ్వేమన్నావు?"

"ఏం చెప్పలేదన్నాను."

"నెల అనుంటే పోయేది కదరా వెధవా" అన్నాడు నాన్న.

"ఊరుకో నాన్నా. నెల అని వీడు చెబితే, నెల తర్వాత గుమ్మంలో కూర్చునేది పాప." నా నెత్తిమీద చెయ్యివేసింది. మొడుతుందేమో అనుకున్నాను. మొట్టలేదు. "పాపా, దువ్వెన పట్టుకురా. మామయ్యకి రెండు జడలు నేర్పాలి."

"నొప్పెడితే అరుస్తా" అంది పాప.

"అరుచుకో. అప్పుడే వాడికి తెలిసేది."

మూడుపాయలు పట్టుకోవడం షార్ట్‌హ్యాండు కంటే కష్టం. మొదటిరోజు ఒక జడ తూర్పుకి, ఒకటి పడమరకి పోయాయి. అక్క వెళ్ళే పొద్దుటికి రెండూ ఒకే ఎత్తులో వచ్చాయి. ట్రక్కు ఎక్కేముందు అక్క పాప తలను అటూ ఇటూ తిప్పి చూసి, "పాపిడి వంకర" అంది నాతో. అవి ఆమె చివరగా చెప్పిన మాటలు. అంటే వెళ్ళేటప్పుడు చివరివి. తప్పుగా అనుకోకండి. ఉత్తరాలు వస్తాయి, అప్పుడప్పుడు ఫోను కూడా. కట్లు కడుతున్నానంటుంది. ముందొచ్చినవాళ్ళకి ముందు. ఒకసారి ఒక బడిపిల్లాడికి కాలు దక్కిందని చెప్పినప్పుడు గొంతు ఎంత బాగుందో. ఎప్పుడొస్తావని పాప అడిగితే మాత్రం, "మామయ్యనడుగు, సభలో కూర్చునేది వాడేగా" అంటుంది.

సభ మళ్ళీ మళ్ళీ కూడింది. దళాన్ని కొనసాగించాలన్న తీర్మానం ప్రతిసారీ గెలుస్తోంది. చేతులున్న కుర్చీలు వచ్చాయి. ఫోటో రెండోసారి తీశారు, అందరి కళ్ళూ తెరుచుకునే ఉన్నాయి, వరండాలో వేలాడదీశారు. ఊలు మేడం ఆ తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయింది. ఆవిడ ప్రశ్న మాత్రం అచ్చులో ఉంది. దాని కింద చాలా మంచి ప్రశ్న అని ఉంది. దాని కింద బ్రాకెట్లో నవ్వులు అని ఉంది. పెద్దసారు రిటైరయ్యే ముందు చేసిన చివరి సంతకం ఆ పేజీ మీదే. అంతరాయం అని మార్చనివ్వలేదు. "తుమ్ము పోగొట్టనివాణ్ణి, నవ్వు పోగొడతానా?" అన్నాడు.

నాకు ఇప్పుడు రెండు జడలూ బాగా వస్తాయి. పాపే ఒప్పుకుంది. జడలు పొడుగయ్యాయి, ఒకప్పుడు భుజం దాటేవి కావు.

మా వంతుల్లో ఆ జవాబు దొరుకుతుందేమోనని ఇప్పటికీ మంత్రి లేచినప్పుడల్లా వింటాను. భుజం మీద చెయ్యి పడగానే లేచిపోతాను. అందుకే మీకు చెప్పడం. సభకు జ్ఞాపకం ఉంచడం మా పని, కానీ మా జ్ఞాపకం పదేసి నిమిషాల ముక్కలు. మీకు అలాంటి ఇబ్బంది లేదు. మా అక్క బక్కగా ఉంటుంది, గట్టిగా నవ్వుతుంది, ఎడమచేత్తో ఇంజక్షను చేస్తుంది, నొప్పి తెలియదు. ఎక్కడైనా ఈ యుద్ధం మంచిదా చెడ్డదా అని వాదించుకుంటుంటే, ఏ పక్షమైనా ఫరవాలేదు, గెలవండి, ఓడండి. బల్ల దగ్గరనుంచి లేచే ముందు మాత్రం ఒక్కసారి ఆమెను గుర్తుచేసుకోండి.